నేను దయ్యాలనుకున్న పిలుపులు

2023 మార్చి. పోర్ట్ బ్లెయిర్ రేవుకి అవతలి ఒడ్డున, హోప్ టౌన్ దాటి కొండ చుట్టూ తిరిగి వెళితే ఒక చిన్న జాలరి పల్లె వస్తుంది. పేరు రాయను, అక్కడివాళ్ళు చదివితే ఎలాగూ గుర్తుపడతారు. ఇళ్ళన్నీ శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి రెండు తరాల కిందట వచ్చినవాళ్ళవే. కొండ అడ్డం కావడంతో పెద్ద కంపెనీల సిగ్నల్ అక్కడికి చేరదు. అందుకని ప్రయోగాల కోసం ఇచ్చే లైసెన్స్ తీసుకుని, కొండవాలు మీద ఒక ఇనప స్తంభం పాతి, మేము అక్కడ చిన్న మొబైల్ నెట్‌వర్క్ నడుపుతున్నాం. ఊళ్ళో అందరి ఫోన్లలో మేమిచ్చిన సిమ్‌లే.

నా పనేమిటో ముందు చెప్పాలి. టవర్ మీద ఉండి ఫోన్లతో మాట్లాడే యంత్రాన్ని బేస్ స్టేషన్ అంటారు. పెద్ద కంపెనీలు దాన్ని మూసిన పెట్టెగా కొంటాయి, లోపల ఏముందో కొన్నవాళ్ళకి కూడా తెలియదు. మాది ఒక చిన్న రేడియో, ఒక మామూలు కంప్యూటర్, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్. ఆ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు, తమ మార్పు బాగుందనిపిస్తే మాకు పంపవచ్చు. వచ్చినవాటిలో ఏది కలపాలి, ఏది తిప్పి పంపాలి, ఎవరి ఫిర్యాదుకి ఏం జవాబు చెప్పాలి అని చూసుకునే మనిషిని మెయింటెయినర్ అంటారు. ఫోన్ మొదటిసారి స్టేషన్‌ని పలకరించే భాగానికి ఆరేళ్ళుగా నేనే మెయింటెయినర్‌ని. పోర్ట్ బ్లెయిర్ డాలీగంజ్‌లో మా ఇంటి వెనకగదిలో కూర్చుని చేస్తాను. మా అమ్మ చర్చిలో అడిగినవాళ్ళకి "కంప్యూటర్‌లో ఏదో టవర్ పని" అని చెబుతుంది. అంతకంటే బాగా చెప్పడం నాకూ చేతకాలేదు.

ఈ పనిలో నాకు మంచిపేరూ చెడ్డపేరూ ఒకే కారణానికి వచ్చాయి. నాకు చిందరవందర గిట్టదు. ఫిర్యాదుని మేము ఇష్యూ అంటాం. ఇష్యూ రాసేవాళ్ళు ఏ ఫోను, ఎంత దూరం, ఏం జరిగింది అన్నీ రాయాలి. "పని చెయ్యట్లేదు" అని ఒక్క ముక్క రాసి పోయేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అలాంటివాటిని "మళ్ళీ చేసి చూస్తే కనబడలేదు" అని రాసి మూసేస్తాను. ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకున్నారు.

ఆ జనవరిలో స్తంభం చూడటానికి పల్లెకి వెళ్ళినప్పుడు అప్పలరాజు నన్ను ఆపాడు. యాభై దాటిన మనిషి, సొంతానికి డింగీ, అంటే ఇంజిన్ ఉన్న చిన్న పడవ ఉంది, బావమరిదితో కలిసి వేటకి వెళతాడు.

"గీతలు పూరా ఉంటాయి దీదీ, మగర్ ఫోను లగట్లేదు," అన్నాడు. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా కాల్ కలవట్లేదని.

ఎంత దూరంలో అని అడిగాను. సిన్నకొండ పెద్దకొండ ఎనకాల దూరిపోయాక అన్నాడు. కిలోమీటర్లలో చెప్పమన్నాను. అతను నన్ను జాలిగా చూసి, సముద్రం మీద కిలోమీటరు రాళ్ళు పాతలేదు కదా అన్నాడు. ఇంటికొచ్చి ఇష్యూ నేనే రాశాను: దూరం తెలియదు, ఫోన్ మోడల్ తెలియదు. నా బల్ల మీది ఫోన్‌తో చేసి చూశాను, బ్రహ్మాండంగా మోగింది. మూసేశాను.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఫోన్ మాట్లాడాలనుకున్నప్పుడు ముందుగా స్టేషన్ తలుపు తడుతుంది, ఒక చిన్న రేడియో చప్పుడు పంపుతుంది. అది ఎంత ఆలస్యంగా చేరిందో చూసి స్టేషన్ దూరం లెక్క కడుతుంది. సెకనులో పది లక్షలో వంతు ఆలస్యమైతే నూట యాభై మీటర్లు. అయితే గాలిలో ఉండే రొద కూడా అప్పుడప్పుడూ తట్టినట్టే వినిపిస్తుంది. ఎవరూ లేకుండా తట్టే ఆ చప్పుళ్ళని మా భాషలో ఘోస్ట్ అంటాం, దయ్యమని. ఇవి లాగ్ నిండా పడేవి. యంత్రం తనకి జరిగింది జరిగినట్టు రాసుకునే దినచర్యే లాగ్. రెండేళ్ళ ముందు నేను ఒక్క వరుస కోడ్ రాసి వాటి పీడ వదిలించాను. పదిహేను కిలోమీటర్లు దాటి వచ్చిన ఏ తట్టుడైనా దయ్యమే, జవాబివ్వద్దు, లాగ్‌లో రాయనూ వద్దు. మా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు దాన్ని తరగతి గదుల్లో, గనుల్లో, కొండ ఊళ్ళలో పెట్టుకున్నారు. ఎవరికీ అంత దూరం అక్కర్లేదు. లాగ్ ఊడ్చిన వాకిలిలా ఉందని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.

మార్చిలో పల్లెలో గంగమ్మ పండగ వచ్చింది. ఆ రోజు ఒక్క పడవ కూడా నీళ్ళలో ఉండకూడదు. ముందురోజు వేటకి వెళ్ళినవాళ్ళు తెల్లవారకముందే వచ్చేయాలి, పడవలన్నీ ఇసక మీదికి లాగి పసుపు రాస్తారు. ఊళ్ళోవాళ్ళంతా ఒక్కచోట దొరికే రోజు కనక, అందరి ఫోన్లూ ఒకేసారి కలిస్తే స్టేషన్ తట్టుకుంటుందో లేదో చూద్దామని నేను పొద్దున్నే ఫెర్రీ ఎక్కాను.

వెళ్ళేసరికి పండగ కళ లేదు. పడవలు వరసగా ఇసక మీద ఉన్నాయి గానీ పసుపు గిన్నెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పలరాజూ బావమరిదీ వెళ్ళిన డింగీ రాలేదని నూకరాజు చెప్పాడు. నూకరాజు ఆ ఊరి పెద్ద, వయసొచ్చి వేట మానేశాడు గానీ ఏ పడవ ఎటు పోవాలన్నా ఇప్పటికీ ఆయన్నే అడుగుతారు. మెరైన్ పోలీసులకి కబురందింది, వాళ్ళు బోటు సిద్ధం చేస్తున్నారు. ఏ వైపు, ఎంత దూరం అని అడిగితే మాత్రం చెప్పేవాళ్ళెవరూ లేరు. బావమరిదికి ఫోన్ లేదు, అప్పలరాజు ఫోన్‌కి చేస్తే అందుబాటులో లేదనే వస్తోంది.

అప్పలరాజు భార్య ఎర్రమ్మ నా వెనకే స్తంభం కింది గదిలోకి వచ్చింది. "మీ డబ్బాలో కనబడడా దీదీ?" అని అడిగింది.

ఫోన్ మా స్టేషన్‌కి కలిసి ఉంటేనే కనబడుతుంది. ముందురోజు సాయంత్రం తర్వాత అతని ఫోన్ కలవలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె వెళ్ళలేదు, గుమ్మంలోనే కూర్చుంది. ఏం చెయ్యాలో తోచక నేను వచ్చిన పని మొదలుపెట్టాను. పరీక్ష కోసం వడపోతలేవీ లేకుండా యంత్రానికి వినిపించే ప్రతి చప్పుడూ చూపించమని ఆదేశం ఇచ్చాను.

తెర మీద దయ్యాలు పడ్డాయి. మామూలుగా దయ్యం ఒకచోట ఉండదు, ఒకసారి రెండు వందల కిలోమీటర్లు చూపిస్తే మరుక్షణం పది చూపిస్తుంది. వీటిలో కొన్ని అలా లేవు. నాలుగు వరసగా తట్టడం, కాసేపు ఆగడం, మళ్ళీ నాలుగు. ప్రతిసారీ దూరం పదిహేడూ ముప్పావు కిలోమీటర్లే. ఇరవై నిమిషాలు చూశాను. పద్దెనిమిదైంది.

నూకరాజుని పిలిచి, ఇంకే పడవైనా బయట ఉందేమో ఖాయంగా చెప్పమన్నాను.

"గంగమ్మ పండగనాడు నీళ్ళలో పడవెట్టి ఊరికి మొకం సూపిస్తాడా ఎవుడైనా? లెక్కెట్టుకో బేటీ, అన్నీ ఇసక మీదున్నాయి. ఆడిదొక్కటే లేదు."

తట్టే చప్పుడుకి పేరుండదు, అది ఎవరి ఫోనో యంత్రానికి తెలియదు. మా సిమ్ లేని ఫోన్ ఒకటి రెండుసార్లు తట్టి ఊరుకుంటుందే గానీ ఇంత మొండిగా తట్టదు. మా సిమ్ ఉన్న ఫోన్లన్నీ ఆ రోజు ఆచారం పుణ్యమా అని ఒడ్డున ఉన్నాయి, ఒక్కటి తప్ప. నాలుగేసిసార్లు తడుతున్నాడని చెబితే ఎర్రమ్మ లేచి నిలబడింది. అతనికి ఓపిక లేదని, ఫోన్ తీస్తే ఆగకుండా నొక్కుతూనే ఉంటాడని చెప్పింది.

అప్పుడు నాకు జనవరి మాట గుర్తొచ్చింది. గీతలు పూరా ఉంటాయి, ఫోను లగదు. సముద్రం మీద అడ్డేమీ లేదు కనక మా సిగ్నల్ పాతిక కిలోమీటర్లు పోతోంది. అతని ఫోన్‌కి మేము వినిపిస్తున్నాం. అతను తడుతున్నాడు. మా యంత్రానికీ వినిపిస్తోంది. జవాబివ్వద్దని దానికి చెప్పింది నేను. ఆ గదిలో ఎర్రమ్మ మొహం చూడటానికి నాకు సిగ్గేసింది.

దిద్దడానికి పెద్ద పని లేదు. పదిహేను అన్న అంకె ముప్పై చెయ్యాలి, దానికి తగ్గట్టు ఇంకో రెండు చోట్ల సర్దాలి. కానీ మారిన కోడ్ పనిలోకి రావాలంటే స్టేషన్ ఆపి మళ్ళీ లేపాలి. బల్ల మీద ఒక రోజంతా పరీక్షించకుండా ఏ మార్పూ స్తంభం ఎక్కదన్నది నేను పెట్టిన రూలే. పైగా స్టేషన్ ఆగినంతసేపూ అతని ఫోన్ సిగ్నల్ కోసం వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది. రాత్రంతా సముద్రం మీదున్న ఫోన్‌లో ఎంత మిగిలి ఉంటుంది? స్టేషన్ లేవకపోతే ఇప్పుడు కనిపిస్తున్న ఆ దూరం కూడా కనబడదు.

నేను ఆ సంగతి దాచకుండా నూకరాజుకీ ఎర్రమ్మకీ చెప్పాను. దూరం మాత్రం ఇప్పుడే చెప్పగలనని, ఒడ్డు నుంచి పద్దెనిమిది కిలోమీటర్లని, దిక్కు మాత్రం తెలియదని అన్నాను. కాయితం మీద గీసి చూపించబోతే నూకరాజు వద్దన్నాడు. గంటకెంత జరుగుతున్నాడో చెప్పమన్నాడు. సుమారు ముప్పావు కిలోమీటరు అన్నాను. ఇంజిన్ ఆగిపోయింది, నీళ్ళు లాగుతున్నాయి, ఈ నెలలో నీళ్ళు దక్షిణానికి లాగుతాయి అని ఆయన తేల్చాడు. ఆ కబురు మెరైన్ పోలీసులకి పంపించాడు. అయితే వాళ్ళు రేవు చుట్టూ తిరిగి రావాలి, ఇక్కణ్ణుంచి బయల్దేరితే సగం సమయమే పడుతుంది. ఇక్కణ్ణుంచి వెళ్ళడమంటే పండగనాడు పడవ దించడం. గది బయట మగవాళ్ళు తలలు దించుకున్నారు.

ఎర్రమ్మ బయటికి వెళ్ళి వాళ్ళతో అంది: "పండగ ఎవులికి? అమ్మకే గదా. నా మొగుడూ నా తమ్ముడూ ఆవిడ ఒళ్ళోనే ఉన్నారు. పడవ తియ్యండి."

నూకరాజు తలూపాడు. రెండు డింగీలు నీళ్ళలోకి దిగాయి. పసుపు లేకుండా పంపడం ఇష్టం లేక ఎవరో పడవల ముందు కొసలకి గబగబా ఇంత పులిమారు.

అంకె మార్చి, నా రూల్ పక్కన పెట్టి నేను స్టేషన్ ఆపాను. రెండు నిమిషాల్లో లేవాల్సింది నాలుగున్నర పట్టింది. ప్రార్థన చేశానని రాసుకోవడానికి నాకు మొహమాటం లేదు. లేచాక తెర మీద ఊళ్ళోని ఫోన్లు ఒక్కొక్కటిగా వచ్చి కలిశాయి. దూరం నుంచి మాత్రం ఏమీ లేదు. పదకొండో నిమిషంలో పద్దెనిమిదిన్నర కిలోమీటర్ల దగ్గర ఒకటి తట్టింది. ఈసారి యంత్రం జవాబిచ్చింది. జాబితాలో అప్పలరాజు పేరు పడింది. నేను నోరు తెరిచేలోపే ఎర్రమ్మ చేతిలో ఫోన్ మోగింది.

ఆమె అతని గొంతు విని ఫోన్ నూకరాజుకిచ్చింది. ఆయన బాగోగులు అడగలేదు. "కొండలెలా కనిపిస్తన్నాయిరా?" అన్నాడు.

సిన్నకొండ పెద్దకొండకి ఏ పక్క ఎంత పొడుచుకొచ్చిందో అప్పలరాజు చెప్పాడు. రెండు కొండలు కలిపితే సముద్రం మీదికి ఒక గీత వస్తుంది, జాలర్లు తరతరాలుగా దారి పట్టుకునేది దానితోనే. ఆ గీత మీద పద్దెనిమిదిన్నర కిలోమీటర్ల దగ్గర ఒకే ఒక్క చోటు ఉంటుంది. నూకరాజు అది డింగీలవాళ్ళకి ఫోన్‌లోనే చెప్పాడు. మధ్యాహ్నం దాటాక మూడు పడవలూ వచ్చాయి. ఇద్దరూ ఎండకి వాడిపోయారు గానీ వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళే దిగారు. ఆ తర్వాత పండగ జరిగింది.

సాయంత్రం ఫెర్రీకి ముందు అప్పలరాజు దగ్గర కూర్చున్నాను. ఎప్పట్నుంచి పిలుస్తున్నావని అడిగాను. రాత్రి ఇంజిన్ ఆగినప్పట్నుంచీ పిలుస్తూనే ఉన్నానని, మధ్యమధ్య బ్యాటరీ కోసం ఫోన్ కట్టేశానని చెప్పాడు. ఎన్నిసార్లు పిలిచి ఉంటాడో లాగ్‌లో వెతికే వీలు లేదు. రాయవద్దన్నది నేనే. ఆ మాట అతనికి చెప్పేశాను. తప్పు ఫోన్‌ది కాదు, సముద్రానిది కాదు, నేను రాసిన ఒక వరుసదని.

"ఆ రోజు సెప్పినాను గదా దీదీ," అన్నాడు. "నువ్వు రాసుకున్నావు కూడా."

కోపంగా అనలేదు. అందుకే ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇంటికొచ్చి జనవరి ఇష్యూని మళ్ళీ తెరిచాను. కారణం దగ్గర నా పేరు రాశాను, మొదట అతను చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశాను. మా సాఫ్ట్‌వేర్ ఇప్పుడు దేన్నీ దయ్యమని పారెయ్యదు. జవాబివ్వకపోయినా ఎక్కణ్ణుంచి తట్టిందో రాసుకుంటుంది. లాగ్ మళ్ళీ చిందరవందరగానే ఉంటోంది, చాలామంది విసుక్కుంటున్నారు. విసుక్కోనీ. ఇష్యూ రాసే ఫారంలో కూడా ఒక ప్రశ్న చేర్చాను: దూరం తెలియకపోతే, మీరున్న చోటు నుంచి ఏం కనిపిస్తోందో రాయండి.

కొన్ని నెలలకి ఏదో చలిదేశం నుంచి ఒకాయన ఇష్యూ పంపాడు. సరస్సు మీద పడవలో ఉన్నాడట. ఫోన్ మోడల్ రాయలేదు, కిలోమీటర్లు రాయలేదు. చర్చి గోపురం చెట్ల వెనక్కి పోయాక కాల్ వెళ్ళట్లేదని ఒక్క ముక్క రాశాడు. ఆ చెట్లు ఒడ్డుకి ఎంత దూరంలో ఉన్నాయో చెప్పమని ఆ పూటే జవాబు రాశాను.