విల్మా అధ్యక్షత

వియత్నాం యుద్ధాన్ని ఆపడానికి అమెరికాలో, మా క్లీవ్‌లాండ్‌లో, ఆ ఏడాది మేం తొమ్మిది సంఘాలం ఐక్య సంఘటనగా ఒక్కటయ్యాం. ఒక్కటయ్యాక మొట్టమొదట చేసిన పని, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేయడం. ప్రతి మంగళవారం చర్చి నేలమాళిగలో సమావేశం. పాదిరీలు, యూనియన్ వాళ్లు, విద్యార్థులు, విప్లవం వచ్చే నెల వస్తుందనేవాళ్లు, కాదు ఎల్లుండే అనేవాళ్లు. మా సంఘంలో ఉన్నదే నలుగురం. సిద్ధాంతం దగ్గర తేడా వచ్చి ఇద్దరిద్దరం విడిపోయాం.

విల్మా హ్రుస్కా ఆ మెట్లు దిగి వచ్చింది ఒక్క ప్రశ్న అడగడానికి. పళ్ల డాక్టరు దగ్గర రోగుల్ని పేరు పెట్టి లోపలికి పిలిచే ఉద్యోగం ఆవిడది. భర్త పోయాడు. ఉన్న ఒక్క కొడుకునీ సైన్యంలోకి తీసుకుని వియత్నాం పంపారు.

"మా అబ్బాయిని వెనక్కి తెప్పించాలంటే ఎవర్ని అడగాలండీ?" అంది.

సైనికుడి తల్లి! మా కళ్లు మెరిశాయి. అధ్యక్ష పదవి కోసం అప్పటికే జుట్లు పట్టుకుంటున్నాం. ఈవిడ ఏ సంఘం మనిషీ కాదు కనుక అక్కడికక్కడే ఆ కుర్చీలో కూర్చోబెట్టేశాం. ఆవిడ ప్రశ్నను మాత్రం వచ్చే మంగళవారానికి వాయిదా వేశాం.

చలికాలమంతా మా గొడవలు ఓపిగ్గా విన్నది. బ్యానరు మీద 'సైన్యాన్ని ఇప్పుడే రప్పించండి' అని రాయాలా, 'చర్చలు జరపండి' అనా? వారాల తరబడి అదే రభస.

"ఏదో ఒకటి రాయండి నాయనా, వాడు ఇల్లు చేరితే చాలు."

"మీకు తెలీదులెండమ్మా, ఇది పంథాకు సంబంధించిన విషయం," అన్నాడు విద్యార్థి నాయకుడు గారెట్, గడ్డం నిమురుకుంటూ.

ఏప్రిల్లో ఊరేగింపు. ఆవిడ చదవాల్సిన ఉపన్యాసం తొమ్మిది సంఘాలూ కలిసి రాశాయి. అందులో సామ్రాజ్యవాదం ఉంది, కార్మికవర్గం ఉంది, దేవుడు కూడా ఓ మూల సర్దుకున్నాడు. మైకు ముందు నిలబడి ఆవిడ ఆ కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

"మావాడి పేరు ఎమిల్. ఇన్నాళ్లలో మీరెవరూ అడగలేదు. చీకటంటే వాడికి భయం. వరండాలో లైటు ఆర్పనిచ్చేవాడు కాదు. వాణ్ణి ఇంటికి పంపించమనండి."

అంతే, దిగిపోయింది. జనం ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

మంగళవారం ఆ ఏడుపు మీద సమీక్ష పెట్టాం. రాజకీయ స్పష్టత లోపించిందన్నాడు గారెట్. పాదిరీగారు కస్సుమన్నారు. లేచేసరికి మా ఐక్య సంఘటన మూడు ఐక్య సంఘటనలైంది. మూడూ విల్మానే అధ్యక్షురాలిగా ఎన్నుకున్నాయి, ఏకగ్రీవంగా.

మరుసటి ఏడు ఎమిల్ తిరిగొచ్చాడు. ఇక ఈవిడ రాదనుకున్నాం. వచ్చింది.

"మీవాడు వచ్చేశాడుగా, ఇంకా ఈ అవస్థ ఎందుకండీ?" అన్నాను.

"పక్కింటివాళ్ల అబ్బాయి రాలేదు," అంది కోటు విప్పుతూ.

ఒక సాయంత్రం తల్లిని తీసుకెళ్దామని ఎమిల్ వచ్చి వెనక కూర్చున్నాడు. బాంబు మోతకు వాడికి ఒక చెవి వినపడకుండా పోయింది. కాసేపు మా వాదనలు విని, రెండో చెవిని అరచేత్తో మూసుకున్నాడు.

"అమ్మా, ఇప్పుడు హాయిగా ఉందే," అన్నాడు నవ్వుతూ.

"నవ్వింది చాల్లే. నువ్వక్కడున్నప్పుడు ప్రతి వారం నాకు తోడున్నది వీళ్లేరా. లే, ఆ కుర్చీలు మడత పెట్టు."