ఇంజను ఆపి దిగే ఉరుకుందు

మా వీధి పైనుంచి కిందికి పల్లంగా ఉంటుంది. ఉరుకుందు ఇల్లు పైన, మా ఇల్లు నడుమన. పొద్దున్నే వాని కారు మా వాకిలి ముందర సద్దు లేకుండా జారుకుంటా పోతుంది. ఇంజను ఉండదు, హారను ఉండదు, దొంగపిల్లి మాదిరి వస్తుంది. ఒకసారి నేను వంగి ముగ్గు వేస్తాంటే నా చెంగును రాసుకుంటా పోయింది. కేకేస్తే కిటికీలోంచి తల బయటపెట్టినాడు.

"పల్లంలో పెట్రోలు యాల తగలబెట్టల్ల పెద్దమ్మా? దేవుడే తోస్తాండాడు గదా!"

"తోసేది దేవుడు సరే, ఆపేదెవురురా?" అని నేను అడిగేలోగా మలుపు తిరిగినాడు.

ఆ మనిషంటే నాకు మొదటినుంచీ పడదు. పడదు గదా అని వాని సంగతి తెలుసుకోకుండా ఊరుకునే రకమూ కాదు నేను.

ఉరుకుందు తల్లి గిడ్డమ్మ. మొగుడు పోయినాక శనక్కాయ చేన్లలో కూలికి పోయి వాణ్ణి సాకింది. మీసం రాకముందే వాడు నాపరాళ్ళ లారీకి క్లీనరుగా ఎక్కినాడు. బేతంచెర్ల రాళ్ళు నింపుకుని నల్లమల దాటి కోస్తాకు పోయే లారీలు. ఆ లారీ డ్రైవరు ఎక్కుడులో దేవునికి మొక్కేవాడంట, దిగుడులో ఇంజను ఆపేసేవాడంట. మిగిలిన డీజిలు ఆయనది, చావు భయం క్లీనరుది. ఉరుకుందు నేర్చుకున్న చదువు అదొక్కటే. రెక్కలు ముక్కలు చేసుకుని సొంతంగా తెల్లకారు కొన్నా, వాని కాలికింద ఇంకా ఆ పాత లారీనే ఉండాది.

పెట్రోలు విషయంలో వానివన్నీ విపరీతాలే. తెల్లారకముందే బంకుకు పోతాడు. చల్లపొద్దున పెట్రోలు చిక్కగా ఉంటాదంట, ఎండెక్కితే పలచబడి తక్కువ పడతాదంట. "టాంకీ భూమిలో అంత లోతున ఉంటే దానికి ఎండ యాడ తగుల్తాదిరా?" అని అడిగినా. "నీకు తెల్దులే పెద్దమ్మా" అన్నాడు. తెలీని దానికి ఎవురైనా చెప్తారు గదా, వాడు చెప్పడు. ఐదునూర్లకు పొయ్యమని అడగడు, ఐదునూర్ల పది అంటాడు. సరిగ్గా అడిగితే మిషనులో మోసం ముందే పెట్టి ఉంటారంట. టాంకీ ఎప్పుడూ నింపడు, బరువెక్కితే బండి ఎక్కువ తాగుతాదంట. ఏసీ వేయడు. కిటికీ మొత్తం దించనియ్యడు, గాలి లోపలికొచ్చి బండిని వెనక్కి గుంజుతాదంట. మార్చి ఎండలో వాని కారెక్కిన జనం ఉడకేసిన శనక్కాయల మాదిరి దిగుతారు. ఎవురన్నా గొణిగితే, "ఆర్టీసీ బస్సుండాది, దిగి పోండి" అంటాడు. వానికి పెట్రోలు బొట్టు మీద ఉన్న ప్రేమ మనిషి మీద లేదు.

మా ఆత్మకూరు బస్టాండు మలుపులో కార్ల స్టాండు ఉండాది. శ్రీశైలం పోయే వాళ్ళు ఆడనే ఎక్కుతారు. ముందర నిలబడే కారుకే మొదటి బాడుగ. ఆ ముందరి చోటు ఉరుకుందుది. ఎదురుగా టైర్ల అంగడి పెట్టుకున్న రామలింగయ్య శెట్టి ఆ స్టాండుకు పెద్ద. ఆయన మాట కాదంటే మలుపులో బండి నిలబడదు.

మొన్నటేడు భూపేష్ అనే పిల్లోడు కొత్త కారు తెచ్చుకుని స్టాండులో చేరినాడు. అదే కంపెనీ, అదే రకం, రంగు కూడా తెలుపే. వాడేమో ఏసీ వేస్తాడు, పాటలు పెడతాడు, తోలేటప్పుడు వెనక పులి తరుముతాందేమో అనిపిస్తాడు. మహాశివరాత్రి దగ్గర పడింది. ఏడాది కడుపు నిండేది ఆ తిరునాళ్ళలోనే. పెట్రోల్లో ఎథనాలు కలిపేది మొదలైనాక మైలేజీ పడిపోయిందని డ్రైవర్లందరూ చిటపటలాడతాండారు. ఒక రోజు నేను శెట్టి అంగడి అరుగు మీద కూచోనుండా. పని ఉందా అంటే లేదు.

"నా బండికి ఏ పెట్రోలు పోసినా ఒకటే. దిగుడంతా నేను ఉత్తగనే దిగుతా" అన్నాడు ఉరుకుందు.

భూపేష్ నవ్వినాడు. "ఉరుకుందన్నా, అవి లారీల కాలం మాటలు. ఇప్పటి బండ్లు గేరులో ఉండి కాలు తీసేస్తే పెట్రోలు తాగనే తాగవు. న్యూట్రల్లో పెడితేనే ఇంజను తిరగడానికి తాగుతాది."

"నేను ఇంజనే ఆపేస్తా గదరా, ఇంక ఏం తాగుతాది? నీ నెత్తురా?"

"జనాన్ని కూచోబెట్టుకుని ఘాటు రోడ్డులో ఇంజను ఆపేవానికి ముందరి చోటెందుకన్నా? పాడె కట్టుకునే చోటు చూసుకో."

అంతే. ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. శెట్టి అంగట్లోంచి టైరు కొట్టే కర్ర తీసుకుని బయటికొచ్చినాడు.

"చొక్కాలు చింపుకుంటే మైలేజీ తెలుస్తాదంటప్పా? ఇద్దరూ శ్రీశైలం పోయి రాండి. ఒకే బంకు, ఒకే పైపు. టాంకీ మూతి దాకా నింపి పోవల్ల, వచ్చి మళ్ళీ మూతి దాకా నింపల్ల. ఎవురికి ఎక్కువ పడితే వాడు తిరునాళ్ళు అయ్యేదాకా స్టాండులో కాలు పెట్టకూడదు. సరేనా?"

ఇద్దరూ సరే అన్నారు. ఒక్కో బండిలో ఒక్కో సాక్షి ఉండల్ల గదా. భూపేష్ కార్లో శెట్టే ఎక్కుతానన్నాడు, దానికి ఏసీ ఉండాది. ఉరుకుందు కార్లోకి ఎవురూ కదల్లేదు. నేను లేచినా.

"ఈమె వద్దు. ఈమె ప్రశ్నలకే నా టాంకీ ఖాళీ అవుతాది" అన్నాడు ఉరుకుందు.

"అయితే ఇప్పుడే ఓడిపోయినానని చెప్పు, ఇంటికి పోతాం" అన్నా.

మరునాడు పొద్దున బంకు కాడ నింపేటప్పుడే మొదలైంది. ఉరుకుందు కారును పట్టుకుని అటూ ఇటూ ఊపినాడు, లోపల గాలి పోయి ఇంకొంచెం పట్టల్లని. శెట్టి అరిచినాడు. "ఊపితే ఇద్దరివీ ఊపల్ల! వచ్చినాక కూడా ఊపల్ల!" బంకులో పనిచేసే వాళ్ళు పైపు పట్టుకుని నవ్వుతాండారు. నేను నా టెంకాయల సంచి పెడదామని డిక్కీ తెరిస్తే స్టెప్నీ టైరు లేదు, జాకీ లేదు. బరువని ఇంట్లో దించి వచ్చినాడు.

"ఆ సంచి ఈడ్నే పెట్టు పెద్దమ్మా."

"దేవుని టెంకాయలురా!"

"దేవునికి ఆడ దొరకవా ఏం? నిన్ను మోసేదే ఎక్కువ."

సంచిని ఒళ్ళో పెట్టుకుని కూచున్నా. దించలేదు. వాడు నా వైపు చూసిన చూపుకు ఇంకొకరైతే మండిపోయేవాళ్ళు.

పోతా ఉన్నంతసేపూ కిటికీ రెండు వేళ్ళు సందు తప్ప దిగలేదు. బైర్లూటి దాటి అడివిలో పడినాక నాకు చెమట్లు కారినాయి. అడగకుండా ఎట్ల ఉంటా? "టైర్లలో గాలి తక్కువుంటే ఎక్కువ తాగుతాదంట, నిజమేనా?" నిజమే. "ఊరికే ఇంజను ఆన్ చేసి నిలబెట్టినా తాగుతాదా?" తాగుతాది. "మరి మెల్లగా పోతే?" మరీ మెల్లగా పోయినా తాగుతాది, నీ మాదిరి. "బ్రేకు ఎక్కువ వేస్తే?" ఈసారి కిటికీ సందులోంచి అడివిని చూసినాడు. వేగం పెంచడు, తగ్గించడు. ఎదురుగా కోతులొస్తే కూడా కాలు తీయడానికి వానికి ప్రాణం పోతాంది. ఎక్కుడంతా ఆక్సిలరేటరు మీద వాని కాలు గుడ్ల మీద పెట్టినట్లే ఉండాది. అది మటుకు ఒప్పుకోవల్ల, నున్నగా తోలినాడు.

మల్లన్నకు టెంకాయ కొట్టొచ్చినా. వాడు లోపలికి రాలేదు, బండి నీడలో పెట్టుకుని దాని పక్కనే నిలబడినాడు. ఎండలో పెడితే పెట్రోలు ఆవిరైపోతాదంట.

తిరుగు ప్రయాణంలో శిఖరం దాటినాక దోర్నాల వైపు దిగుడు మొదలైంది. ఉరుకుందు తాళం వెనక్కి తిప్పినాడు. ఇంజను చచ్చింది. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమంటే టైర్ల కింద గులకరాయి పలికేది కూడా వినపడతాంది. బండి వేగం పుంజుకుంది. ఒక మలుపు. బ్రేకు తొక్కినాడు. ఇంకో మలుపు. మళ్ళీ తొక్కినాడు.

"ఉరుకుందూ, ఏదో కాలిన వాసన వస్తాందిరా."

"అడివిలో ఎవురో మంట పెట్టింటారు."

"అడివి మంట రబ్బరు వాసన యాల వస్తాది?"

ఇంకో మలుపు దగ్గరికి వచ్చినాము. వాని మోకాలు బిగుసుకుపోవడం చూసినా. కాలు తొక్కుతాండాడు, బ్రేకు దిగడంలా. రాయిని తొక్కినట్లుండాది. ఇంజను ఆగితే బ్రేకుకు బలం ఇచ్చేది కూడా ఆగిపోతుందని నాకు అప్పుడు తెలీదు. వానికి తెలుసు. వాని ముఖంలో చూసినా. తెలిసే ఆపినాడు!

"గేరులో వెయ్యిరా నాయనా!" అని అరిచినా.

"వేస్తే పెట్రోలు పోతాది పెద్దమ్మా, స్టాండు పోతాది!"

"స్టాండు కాదురా, నేను పోతా!"

మలుపులో గోడ కనపడింది, గోడ అవతల ఆకాశం తప్ప ఏమీ లేదు. అప్పుడు తిప్పినాడు తాళం. క్లచ్ తొక్కి గేరులో వేసి వదిలినాడు. బండి గుర్రుమని ఒక్క గుంజు గుంజింది, నా తల పోయి ముందర తగిలింది. చేతిబ్రేకు లాగినాడు. గోడను ఒరుసుకుంటా పోయి మట్టిలో ఆగింది. ముందు టైర్ల నుంచి పొగ. నేను దిగి చేతికి దొరికిన రాళ్ళన్నీ టైర్ల కింద పెట్టినా. వాడు స్టీరింగు పట్టుకుని కూచునే ఉన్నాడు.

అంతలో, గుడి కాడ మా తర్వాత బయల్దేరిన భూపేష్ కారు హారను కొట్టుకుంటా మమ్మల్ని దాటి పోయింది. అద్దంలోంచి వాడు నవ్వింది కనపడింది. పక్కన శెట్టి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

బ్రేకు చల్లబడినాక మిగిలిన దిగుడంతా ఉరుకుందు రెండో గేరులో దిగినాడు. ఆక్సిలరేటరు మీద కాలు పెట్టే ధైర్యం లేదు, ఇంజను ఊళ పెడతాంది. ఆ ఊళ విన్నప్పుడల్లా వాడు కళ్ళు చిన్నవి చేస్తాండాడు, పెట్రోలంతా కాలువై పోతాందని. దోర్నాల వచ్చేసరికి మెల్లగా అన్నాడు.

"పెద్దమ్మా, ఆ మలుపు మాట ఆడ ఎత్తొద్దు. ఈ తిరునాళ్ళు పోతే మాయమ్మ చేనికి పోవల్ల మళ్ళీ."

నేను ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం నాకు శానా అరుదు. అదే ఒప్పుకోవడమని అనుకున్నాడేమో.

బంకు కాడ శెట్టి నేల మీద కూచుని నిమ్మకాయ వాసన చూసుకుంటాండాడు. "ఈ నాయన మనిషిని తోలినట్ల తోలలేదమ్మా, గడ్డిమోపును తోలినట్ల తోలినాడు" అన్నాడు నన్ను చూసి. భూపేష్ టాంకీ మొదట నింపినారు. తర్వాత ఉరుకుందుది. ఇద్దరివీ ఊపినారు. పైపు టక్కుమని ఆగింది. ఉరుకుందు మిషను వైపు చూడలేదు, నేల చూస్తాండాడు. నేను చూసినా. భూపేష్ కంటే తక్కువ పడింది! అర లీటరో ముప్పావో కాదు, నిండా రెండు లీటర్లు తక్కువ.

దిగుడు రెండో గేరులో దిగినామని నేను అనేసరికి భూపేష్ ముఖం మాడిపోయింది. "కాలు తీసి గేరులో దిగితే తాగదని నేను చెప్పలేదా? నా మాట నాకే తగిలింది!" అన్నాడు. ఏసీ, పరుగు, మమ్మల్ని దాటేటప్పటి ఆ కులుకు, అన్నీ వాని టాంకీలోంచే పోయినాయి.

ఉరుకుందు గుండె విరుచుకున్నాడు. "చూసినారా? నా తోలడం!"

అప్పుడు శెట్టి లేచి, "సుబ్బలక్ష్మమ్మా, నువ్వు సాక్షివి. సక్రమంగా వచ్చినాడా?" అని అడిగినాడు.

ఉరుకుందు నా వైపు చూసినాడు. గిడ్డమ్మ కూడా అప్పటికే బంకు గేటు కాడ నిలబడి ఉండాది, కొంగుతో చేతులు తుడుచుకుంటా.

"పెట్రోలు విషయంలో మోసం చేయలేదు. గెలిచినాడు" అన్నా. "కానీ ఆ చక్రం కాడికి వంగి వాసన చూడు శెట్టీ. ఇంజను ఆపి దిగి బ్రేకులు కాల్చినాడు. రేపు ఈ బండ్లో పిల్లాపాపలు ఎక్కుతారు. బ్రేకులు మార్చేదాకా ఈ బండి స్టాండులో నిలబడకూడదు."

శెట్టి వంగి చూసినాడు. లేచి తల అడ్డంగా ఊపినాడు. "భూపేష్, నీ చోటు పోయింది, పందెం పందెమే. ఉరుకుందూ, నీ చోటు నీదే. కానీ బ్రేకులు చూసి నేను సరే అన్నాకే రావల్ల."

గిడ్డమ్మ రోడ్డు మీదే నన్ను తిట్టింది. "నా కొడుకు గెలిచినాక కూడా ఓడించినావే! నీ నోట్లో దుమ్ము పడ! ఏం తక్కువ చేసినాడు నీకు?"

"చావు తక్కువ చేసినాడు గిడ్డమ్మా, ఒక్క మూరెడు" అన్నా. అది వినిపించుకోలేదు. ఇప్పటికీ నీళ్ళ ట్యాంకరు కాడ నా బిందె చూస్తే ముఖం తిప్పుకుంటుంది.

కర్నూలు నుంచి బ్రేకు సామాను వచ్చేలోగా తిరునాళ్ళ జనం మొదలైనారు. ఉరుకుందు మలుపు అవతల చేతులు కట్టుకుని నిలబడి, వేరేవాళ్ళ బండ్లు నిండడం చూసినాడు. సామాను వచ్చి బిగించి శెట్టి సరే అన్నాక, నడుమ దినాల్లో మళ్ళీ ముందర నిలబడినాడు. మొదటి పోటు పోయింది, మిగిలింది దక్కింది. గిడ్డమ్మ చేనికి పోలేదు. ఆ మాట నాకు ఎవురూ చెప్పలేదు, నేనే కనుక్కున్నా.

జాగారం అయిన మరునాడు పొద్దున వాడు మా వాకిలి ముందర బండి ఆపినాడు. దిగలేదు.

"ఏం పెద్దమ్మా, చల్లబడిందా నీ కడుపు?"

"నీ బ్రేకు చల్లబడిందా, అది చెప్పు ముందు."

పళ్ళు కొరికి గేరు వేసినాడు. నేను ముగ్గు గిన్నె పట్టుకుని గోడకు ఒరిగి నిలబడినా. బండి పల్లంలో దిగింది. ఇంజను సద్దు మలుపు తిరిగేదాకా వినపడతానే ఉండాది.