స్కేలమ్మ నోటికి భయపడి

పిల్లల ఆసుపత్రి ల్యాబులో ఆమెకు అసలు పేరొకటి ఉందన్న సంగతి జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. అందరికీ ఆమె స్కేలమ్మే. తెల్లకోటు జేబులో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ స్కేలు ఉంటుంది. విరేచనాలతో వచ్చిన పిల్లల మలంలోంచి రోగం తెచ్చిన సూక్ష్మజీవిని వేరుచేసి, గుండ్రటి ప్లేటు నిండా పూసి, దాని మీద మందు అద్దిన చిన్న చిన్న కాగితపు బిళ్ళలు పెడుతుంది. మర్నాటికి బిళ్ళ చుట్టూ తగినంత ఖాళీ వలయం ఏర్పడితే ఆ మందు పనిచేస్తుందన్నమాట. బిళ్ళ అంచుదాకా సూక్ష్మజీవి పెరిగిందంటే ఆ మందు దండగ. ఇరవై రెండేళ్ళుగా ఆ వలయాలను కొలవడమే ఆమె పని. కొలతలో ఒక్క గీత తేడా రానివ్వదు.

నోటికే కొలత లేదు. మలం డబ్బా తెచ్చిన ప్రతి తల్లినీ కిటికీలోంచి, "ముందేమన్నా యాంటీబయాటిక్ పట్టారా?" అని అడుగుతుంది. పట్టామన్నారో, ఉతికి ఆరేస్తుంది.

"పోయినసారి మిగిలిందా? దాచుకుని వాడుకోడానికి అదేమన్నా తలనూనా? సగం సగం పోస్తే పురుగు చావదమ్మా, రాటుదేలుతుంది."

వరుసలో ఉన్నవాళ్ళంతా వింటూనే ఉంటారు. ఆమె చెప్పేదాంట్లో అబద్ధం లేదు. చెప్పే తీరే అలాంటిది.

ఒక సోమవారం ఆ కిటికీ దగ్గరకు సొంత చెల్లెలే డబ్బా పట్టుకుని వచ్చింది. మూడేళ్ళ కూతురికి నాలుగు రోజులుగా విరేచనాలు. ఆ ఉదయం నెత్తురు కూడా పడిందని వార్డులో చేర్చుకున్నారు. స్కేలమ్మ గబగబా డబ్బా అందుకుంది. అయినా అడగాల్సింది అడిగింది.

"ముందేమన్నా పట్టావా?"

"లేదక్కా."

"అదీ మా చెల్లెలంటే," అంది స్కేలమ్మ, వెనకున్నవాళ్ళకు వినపడేలా.

డాక్టరుకూ అదే జవాబు అందింది. ఆయన ఓఆర్ఎస్ తాగిస్తూ, అలాంటి జబ్బుకు అక్కడ మామూలుగా మొదట వాడే మందే మొదలుపెట్టాడు. రెండు రోజులు గడిచినా జ్వరం దిగలేదు, నెత్తురు ఆగలేదు. పిల్ల కళ్ళు లోపలికి పోయాయి. "పెద్దమ్మా" అని పిలిచే ఓపిక కూడా లేక చూస్తూ పడుకుంది. పిల్ల దక్కదేమోనని స్కేలమ్మకు మొదటిసారి భయం వేసింది.

బుధవారం ఉదయం ప్లేటు తీసింది. వార్డులో ఇస్తున్న మందు బిళ్ళ చుట్టూ వలయమే లేదు. మరో నాలుగింటిదీ అదే కథ. చివరి బిళ్ళ చుట్టూ మాత్రం ఇరవై ఏడు మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. రెండుసార్లు కొలిచి, రిపోర్టు పట్టుకుని మెట్లెక్కి పరుగెత్తింది. డాక్టరు అప్పటికప్పుడు మందు మార్చాడు.

"ఒకవేళ ఇంట్లో ఇదే మందు వాడినా తగ్గలేదని అనుంటే మొదటిరోజే వేరేది ఇచ్చేవాణ్ణి. ఏమీ పట్టలేదన్నారు కదా," అన్నాడాయన చెల్లెలితో.

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. వరండాలోకి వచ్చాక నోరు విప్పింది.

"పట్టానక్కా. చలికాలంలో మిగిలిన సీసా. రెండు రోజులు పట్టాను. ఇదే మందు."

"నాకెందుకు చెప్పలేదే?"

"అంతమందిలో ఉతికేస్తావని."

"డాక్టరుకైనా చెప్పొచ్చుగా?"

"ఆయన నీకు చెప్తాడని."

స్కేలమ్మ అప్పటికప్పుడే లోపలికి వెళ్ళి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ సీసా వల్లే రాటుదేలిందని చెప్పలేమని, ముందే అలాంటి పురుగు అంటుకుని ఉండొచ్చని ఆయన అన్నాడు. చెప్పకపోవడం వల్ల పోయినవి మాత్రం రెండు రోజులన్నాడు.

శుక్రవారానికి పిల్ల లేచి కూర్చుని బిస్కెట్ అడిగింది. చెల్లెలు ఏడుస్తూనే నవ్వింది. తర్వాత అక్క వైపు తిరిగింది.

"ఇంకా తిట్టవేమక్కా? నువ్వు తిట్టకపోతే నాకు గుబులుగా ఉంది."

స్కేలమ్మ పిల్ల ఒళ్ళోని బిస్కెట్ పొడి దులిపింది.

"ఈ మధ్య కిటికీ దగ్గర ఎవరినడిగినా లేదనే అంటున్నారే," అంది. "తిట్టి తిట్టి అందరినీ బాగుచేశానని మురిసిపోతున్నాను. వాళ్ళలో ఎంతమంది పిల్లలకు రెండేసి రోజులు పోయాయో."