గంగాళంలో అందరి బియ్యం

నిన్న మధ్యాహ్నం తెనాలిలో మా ఇంట్లో అన్నం తింటుంటే పంటికింద పలుకు తగిలింది. సన్నబియ్యం అడుగంటడంతో మా ఆవిడ శాంతి కొంచెం కోటా బియ్యం కలిపి వండింది. సన్నగింజ ముద్దయిపోయింది, లావుగింజ లోపల పచ్చిగానే ఉంది. "ఈ పూటకి సర్దుకోండి" అంది తను, కాస్త నొచ్చుకుంటూ. నేను సర్దుకోవడమేమిటి, ఆ గింజను ఉమ్మకుండా నెమ్మదిగా నమిలాను. నములుతుంటే రేపల్లెలో మా పాత చర్చి గుడి, అందులో ప్రభువు బల్లకు ఎడమపక్కన ఉండే ఇత్తడి గంగాళం, ఆ పక్కనే చేతిసంచితో నిలబడి ఉండే సలోమి టీచరు గారు కళ్ళముందుకు వచ్చారు.

ఆ గుడిని ఇప్పుడు పడగొట్టి కొత్తది కడుతున్నారు. సామాను సర్దేటప్పుడు కుర్రవాళ్ళు కొందరు ఆ గంగాళాన్ని చూసి, సొట్టలు పడిందని, పాత ఇత్తడి కొనేవాడికి ఇచ్చేద్దామని అన్నారట. వాళ్ళను తప్పుపట్టలేను. టీచరు గారు పోయాక పుట్టుకొచ్చిన తరం అది, వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మాట చెప్పకపోతే గంగాళం వట్టి ఇత్తడే అవుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. పదో తరగతితో చదువు ఆగిపోయి, తెనాలిలో మోటారు వైండింగ్ పని నేర్చుకుని, రేపల్లెలో ఒక షాపులో చేరాను. చదువు ఆగింది కానీ చదవడం ఆగలేదు. తెనాలి గ్రంథాలయంలో చరిత్ర, ప్రయాణాలు, వ్యవసాయం, తత్వం, ఏది దొరికితే అది చదివాను. రేపల్లె వచ్చాక గది చూసుకోకముందే అక్కడి గ్రంథాలయం ఎక్కడుందో కనుక్కున్నాను. ఇవాళ నాకు తెలిసినదంతా ఆ చెక్క బల్లల దగ్గర కూర్చుని సంపాదించుకున్నదే. దాన్ని గొప్పగా చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

గుడికి మాత్రం అతిథిలా వెళ్ళేవాణ్ణి. వెనక గుమ్మం దగ్గర నిలబడి ప్రసంగం వినేవాణ్ణి, బాగుంటే ఉండేవాణ్ణి, లేకపోతే చివరి పాటకు ముందే చెప్పులు వేసుకునేవాణ్ణి. మా పాస్టరు అయ్యగారు మంచివారు కానీ చెప్పిందే చెప్పేవారు. తెనాలిలో ఆదివారాలు జరిగే ఒక పెద్ద కూటంలో బాగా చదువుకున్న బోధకుడు ఉన్నాడని తెలిసి, ఇక అక్కడికే వెళ్దామనుకుంటున్న రోజులవి.

అప్పుడే ఒక ఆదివారం సలోమి టీచరు గారు గుమ్మం దగ్గర నా దారికి అడ్డం వచ్చారు. ఆమె బాపట్లలో బడిపంతులమ్మగా చేసి, రిటైరై, సొంత ఊరని రేపల్లె వచ్చి ఉంటున్నారు. పొట్టి మనిషి, మోకాళ్ళ నొప్పులు, కట్టుడు పళ్ళు, తరగతిగదిలోలాగే గట్టి గొంతు.

"ఏంటబ్బాయ్, ప్రతివారం గుమ్మానికి కాపలా కాస్తున్నావు?"

"లేదండీ, లోపల ఉక్కగా ఉందని."

"ఉక్క అందరికీ ఉంది. ఒక్కడివే వండుకుంటావంటగా?"

"అవునండి."

"అయితే ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టు. ఆదివారం తీసుకొచ్చి ఆ గంగాళంలో పొయ్యి."

అది మా సంఘంలో ఆడవాళ్ళ ఆచారం. పూటపూటకీ పిడికెడు బియ్యం తీసి దాచి, ఆదివారం గుడికి తెచ్చి గంగాళంలో పోస్తారు. జబ్బుపడిన వాళ్ళ ఇంటికి అందులోంచే వెళ్తుంది, సంఘమంతా కలిసి తినే ప్రేమ విందు రోజున అందులోంచే వండుతారు. నేను గిన్నెతో వరుసలో నిలబడితే ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. కాలవగట్టు నుంచి వచ్చే మార్తమ్మ అయితే పైకే అంది: "మా తమ్ముడికి పెళ్ళి చెయ్యండమ్మా, పాపం, బియ్యం కూడా తనే మోసుకొస్తున్నాడు!"

సిగ్గేసింది. కానీ పొయ్యి ముందు కూర్చున్న ప్రతిసారీ గుడి గుర్తొచ్చేది. ఎవరింట్లో జ్వరమో, నా పిడికెడు ఎవరి కంచంలోకి వెళ్తుందో అని ఆలోచించేవాణ్ణి. అది ప్రార్థన అని అప్పుడు నాకు తెలియదు. ఒకరోజు టీచరు గారితో, తెనాలి కూటానికి మారిపోదామనుకుంటున్నానని, అక్కడైతే నాలుగు కొత్త విషయాలు తెలిసి ఆత్మీయంగా ఎదుగుతానని చెప్పాను. ఆమె కోప్పడలేదు. "వెళ్ళు. కానీ ఒక మాట. పుస్తకం విసుగొస్తే మూసేస్తావు. మనుషుల్ని అలా మూయలేవు, చూడు, ఎదుగుదల అక్కడుంది" అన్నారు. ఆ మాట విన్నాక ఇంకొన్నాళ్ళు ఆగాను.

ఇంతలో ఆ గంగాళం దగ్గరే గొడవ మొదలైంది. ఒక ప్రేమ విందుకు పై ఊళ్ళనుంచి పెద్దలు వచ్చారు. ఆ రోజు అన్నం ఘోరంగా కుదిరింది. గంగాళంలో బాపట్ల సన్నరకం ఉంది, కోటా బియ్యం ఉంది, నూకలూ ఉన్నాయి. సగం గంజి, సగం పలుకు. సంఘ కార్యదర్శి ప్రభుదాసు గారికి తల కొట్టేసినట్టయింది. ఆయన నిష్ఠగల మనిషి. గుడికి సున్నం వేయించడం దగ్గర్నుంచి కొళాయి బాగుచేయించడం దాకా అన్నీ ఆయనే చూసుకునేవారు. వచ్చే ఆదివారానికి గంగాళం సామాను గదిలో పెట్టించి, మూతలున్న రెండు కొత్త డ్రమ్ములు తెప్పించారు. ఒకదాని మీద 'సన్నబియ్యం' అనీ, ఇంకోదాని మీద 'కోటా బియ్యం' అనీ చక్కగా రంగుతో రాయించారు. వేటికవి విడిగా వండితే అన్నం బాగుంటుందని ఆయన ఆలోచన. వంట లెక్కన చూస్తే అది సబబే.

టీచరు గారు ఆ వారం కూతురి దగ్గరికి బాపట్ల వెళ్ళి ఉన్నారు. ఆరాధనకు ముందు ఆడవాళ్ళు వచ్చి డ్రమ్ముల ముందు ఆగారు. పట్టుచీర కట్టుకున్న ఆవిడ ఒక డ్రమ్ము మూత తీసింది. మార్తమ్మ తన గిన్నెతో నిలబడిపోయింది. రెండు డ్రమ్ముల మీది అక్షరాలనూ కూడబలుక్కుని చదివింది. ఆ చదువు ఆమెకు నేర్పింది సలోమి టీచరు గారే.

"మా బియ్యానికి పేరు పెట్టారేంటండీ?" అంది.

"బియ్యం పేరేనమ్మా, మనుషుల పేరు కాదుగా" అన్నారు ప్రభుదాసు గారు.

"మనుషుల్నంటే పోట్లాడొచ్చండి. బియ్యాన్నంటే ఏం చేస్తాం?"

గిన్నె మీద కొంగు కప్పుకుని వెనక చాపమీద కూర్చుంది. ఆరాధన అంతా ఉంది. బియ్యం మాత్రం తిరిగి ఇంటికి పట్టుకెళ్ళిపోయింది. మరుసటి ఆదివారం వెనక చాపలు ఖాళీ. కాలవగట్టు నుంచి ఒక్క మనిషి రాలేదు. ముందున్నవాళ్ళు పాట ఎత్తుకున్నారు కానీ, వెనకనుంచి అందుకునే గొంతులు లేక పాట మధ్యలోనే నీరసించింది. ఇలాగే ఇంకొంతకాలం గడిస్తే వాళ్ళు ఇక ఎప్పటికీ రారని, ఒక సంఘం రెండవుతుందని అందరికీ తెలుస్తూనే ఉంది.

బాపట్ల నుంచి తిరిగొచ్చి విషయం విన్న టీచరు గారు నన్ను పిలిచారు. నాకు తెలిసింది చెప్పాలన్న ఉత్సాహంలో, ఏ రకం బియ్యానికి ఎంత నీరు పడుతుందో, రెండూ ఒక్కలా ఎందుకు ఉడకవో వ్యవసాయ పుస్తకంలో చదివినదంతా చెప్పాను. ఆమె శ్రద్ధగానే విన్నారు.

"బాగా చదివావు. మరి మార్తమ్మ సంగతి ఏ పుస్తకాల బీరువాలో ఉంది?"

నేను నవ్వేశాను. ఆమె కూడా నవ్వి, "సాయంత్రం రా, వెళ్దాం" అన్నారు.

మార్తమ్మ ఇంటి ముందు గట్టుమీద కూర్చోగానే, ఎందుకొచ్చారో చెప్పకుండా టీచరు గారు, "ఆకలేస్తోందే, అన్నం పెట్టు" అన్నారు.

"కోటా బియ్యమండీ. మీ పళ్ళకి ఆగదు."

"నావి కట్టుడు పళ్ళు. వాటికి భయం లేదు, నొప్పీ లేదు. పెట్టు."

పచ్చిపులుసుతో ఇద్దరం తిన్నాం. చేతులు కడుక్కున్నాక మార్తమ్మే అంది: "మీరు తిన్నారు, నాకు సంతోషం. గుడికి మాత్రం రానండి. మీ మాట తీసేస్తున్నానని అనుకోవద్దు."

"రమ్మన్నానా? పిడికెడు తీయడం మానేశావా?"

మార్తమ్మ తల అడ్డంగా ఊపింది. మూలనున్న కుండ చూపించింది. అలవాటు కొద్దీ తీస్తూనే ఉందట. అది గుడి బియ్యమని పిల్లలకు కూడా అందులోంచి వండలేదట.

దారిలో టీచరు గారు ఒక్క మాటే అన్నారు: "గుడి బియ్యం ఇక్కడుంది, చూశావా?"

ప్రభుదాసు గారి దగ్గరికి కూడా వెళ్ళాం. "నేనేం తప్పు చేశానండీ?" అన్నారాయన, నిజంగానే బాధపడుతూ.

"ఏమీ చెయ్యలేదు. అందుకే వెళ్ళి పిలవమంటున్నాను. తప్పు చేసినవాడైతే సిగ్గుపడి వెళ్ళలేడు" అన్నారు టీచరు గారు. ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

తర్వాత ఆమె చేసిన పని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. డ్రమ్ములు తీసెయ్యమని అడగలేదు. సభ పెట్టమనలేదు. మోకాళ్ళ నొప్పని ఆమెకు ముందు వరుసలో కుర్చీ వేసేవారు. ఆ కుర్చీ వదిలేసి, వెనక ఖాళీ చాపమీద ఒక్కరే కూర్చోవడం మొదలుపెట్టారు. లేచేటప్పుడు గోడ పట్టుకోవలసి వచ్చేది. అందరూ చూసేవారు. ఆరాధన కాగానే తన బియ్యం సంచి తీసుకుని, రెండు డ్రమ్ములనూ దాటుకుని, కాలవగట్టుకు నడిచి వెళ్ళి మార్తమ్మ కుండలో పోసి వచ్చేవారు. నేనూ నా గిన్నెతో వెంట వెళ్ళేవాణ్ణి. తెనాలి కూటం సంగతి ఆ నడకలో ఎప్పుడు మరిచిపోయానో నాకే తెలియదు. కొన్ని వారాలకు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు తోడయ్యారు, తర్వాత పట్టుచీర ఆవిడ కూడా వచ్చింది.

మార్తమ్మ మొత్తుకుంది. "ఇదేంటి టీచర్‌గారూ! కుండ నిండింది, గంప నిండింది. మా ఇల్లు గోడౌను చేస్తున్నారు!"

"నువ్వు రానంటివి. మేం రాకూడదా?" అన్నారు టీచరు గారు.

పంట ఇంటికొచ్చాక గుడిలో చేసుకునే కోత పండుగకు ముందు ఆదివారం మేమంతా ఆ ఇంటి ముందు ఉండగా గట్టుమీద ప్రభుదాసు గారు కనిపించారు. చేతిలో టిఫిన్ బాక్స్. ఆయన మార్తమ్మ ముందుకు వచ్చి మూత తీశారు.

"నాదీ కొంచెం ఉందమ్మా. సన్నబియ్యమే. మీ దాంట్లో కలుపుకుంటావా?"

మార్తమ్మ టిఫిన్ బాక్స్‌లోకి తొంగి చూసింది. "కలిపితే పలుకు తగులుద్దండీ, మళ్ళీ చెప్తున్నా."

"తగలనీమ్మా" అన్నారాయన.

ఆమె గంప ముందుకు జరిపింది. ఆయన తన చేత్తో పోశారు. టీచరు గారు కొంగుతో ముఖం తుడుచుకుని, "పోశారు సరే, మొయ్యాల్సింది కూడా మీరే" అనేసరికి అందరూ నవ్వారు. ఆ గంప గుడిదాకా ఒకవైపు ఆయన, ఒకవైపు మార్తమ్మ పట్టుకుని మోశారు. సామాను గదిలో ఉన్న గంగాళం మళ్ళీ బల్ల పక్కకు వచ్చింది. డ్రమ్ములు నీళ్ళు పట్టుకోవడానికి పనికొచ్చాయి.

కోత పండుగ వంట మార్తమ్మకే అప్పగించారు. పొద్దున్నే బియ్యం కడిగి బాగా నానబోసి, గాడిపొయ్యి మీద సన్నసెగన వండి, గుండిగమీద తడిగుడ్డ కప్పింది. "నానితే అన్నీ ఒక దారికొస్తాయి తమ్ముడూ, తొందరపెట్టకూడదు" అంది నాతో. అన్నం చాలావరకు బాగా కుదిరింది. అక్కడక్కడా పలుకు తగిలింది కూడా. వడ్డన చేస్తున్న ప్రభుదాసు గారిని టీచరు గారు పిలిచి, "తగిలిందండోయ్!" అని పళ్ళన్నీ కనిపించేలా నవ్వారు.

ఆత్మీయ ఎదుగుదల అంటే నలుగురికీ దూరంగా, ఎత్తుకు వెళ్ళడం అనుకునేవాణ్ణి. ఆమెను చూశాక అది ఒకచోట నిలబడటం అని అర్థమైంది. మనతో ఉడకని గింజ పక్కన ఓర్పుగా నానడం అది. పెళ్ళయి తెనాలి వచ్చేశాక ఇక్కడ మా వీధి చివరి చిన్న గుడిలోనే చేరాను, పెద్ద కూటంలో కాదు. ఇప్పటికీ పుస్తకాలు చదువుతాను, ఇప్పటికీ ప్రసంగంలో తప్పులు నాకు వినిపిస్తాయి. కానీ చివరి పాటకు ముందు చెప్పులు వేసుకోను. ఎవరి చోటైనా ఖాళీగా ఉంటే, సాయంత్రం ఆ ఇంటికి వెళ్తాను. ఆకలేస్తోందంటాను. పెట్టింది తింటాను.

టీచరు గారిని బాపట్లలో ఆమె భర్త సమాధి పక్కన ఉంచాం. ఆ రోజు కాలవగట్టు మొత్తం వచ్చింది.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళు ఉన్నారు. మరిచిపోయిన మాటలు గుర్తుచేసిన టీచరు గారి అమ్మాయి ఎస్తేరు గారికి, తన వంతు కథను ఏమీ దాచకుండా, ఉన్నది ఉన్నట్టు రాయమన్న ప్రభుదాసు గారికి, గంగాళం అమ్మకుండా ఆపిన ఇప్పటి అయ్యగారు దయానందం గారికి, తన బల్ల దగ్గర గంటలకొద్దీ రాసుకోనిచ్చిన గ్రంథాలయంలోని కోటేశ్వరరావు గారికి, నిన్న ఆ అన్నం వండిన శాంతికి నా కృతజ్ఞతలు. చివరగా మార్తమ్మక్కకు. కొత్త గుడిలో గంగాళం ఎక్కడ పెట్టాలని అడిగితే, "ఎక్కడైనా పెట్టండి తమ్ముడూ, మూత మాత్రం పెట్టొద్దు" అన్నది ఆమే.