చర్చిలో నేను చెప్పిన అభ్యంతరం

ఓపిక పట్టు అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా ఆయన జ్వరంతో చనిపోయిన ఏడాది మెదక్‌లో నాకు ఆ మాట చెప్పని మనిషి లేడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. పక్కింటామె చెప్పింది, పాలు పోసే ఆయన చెప్పాడు, కొడుకు బతికున్నన్నాళ్ళూ రోజూ అతని మీద నోరు పారేసుకున్న మా అత్తమ్మ కూడా చెప్పింది. ఓపిక పట్టి ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అది చెప్పింది మా బావ ఒక్కడే, మా ఆయనకు అన్న. టేక్మాల్‌లో ఆయనకు పొలం, చిన్నపిల్లలు, ఎప్పుడూ మంచాన ఉండే భార్య. నాకేమో టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చి ఉంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఊళ్ళల్లో కొత్తగా తెలుగు బడులు తెరుస్తున్నారు, పంతులమ్మలు కావాలంటున్నారు. మా ఆయనే పట్టుబట్టి దరఖాస్తు పెట్టించాడు.

"ఇగ ఆ చదువెందుకమ్మా? మా ఇంటికాడ ఉండు. పిల్లలను చూస్కుంటవ్, ఇంత తింటవ్" అన్నాడు బావ.

దాన్ని ఆయన దయ అనుకున్నాడు. జీతం లేని పనిమనిషికి ఎంత చక్కని పేరు! గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆదివారం ఆరాధన కాగానే బయలుదేరాలన్నారు. నన్నడగకుండానే పొద్దున్నే నా ట్రంకుపెట్టె ఎడ్లబండిలో ఎక్కించి, బండిని చర్చి బయట నిలబెట్టారు.

ఆ ఆదివారమే మా ఆడబిడ్డ పెళ్ళి ప్రకటన. మా క్రైస్తవుల్లో పెళ్ళికి ముందు వరుసగా కొన్ని ఆదివారాలు చర్చిలో పాస్టరు అయ్యగారు ఇద్దరి పేర్లూ చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడుగుతారు. ఎవరూ ఏమీ అనరు. అదొక ఆనవాయితీ, అంతే.

"ముందల కూసోకు. గా కంబం పక్కకు పో. పిల్ల పేరు చదువుతుంటే ఎదురుంగ నువ్వెందుకు?" అంది అత్తమ్మ.

మేం యేసు బిడ్డలం, మాకు శకునాలు లేవని వాడంతా చెప్పుకు తిరిగే మనిషి! నోరు తెరిస్తే కేక వస్తుందని పళ్ళు బిగపట్టి స్తంభం పక్కన కూలబడ్డాను. అందరూ ప్రార్థన చేస్తుంటే నేను ఒక్కొక్కరినీ మనసులో తిడుతున్నాను.

ఒంటి మీద నా పెళ్ళినాటి తెల్లచీర. దాని కుచ్చిళ్ళ మీద ఎర్రగా ఏదో కనబడితే రక్తమేమోనని ఉలిక్కిపడ్డాను. తలెత్తి చూస్తే రంగు అద్దాల కిటికీ. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కానీ ఎప్పుడూ ముందు వరుసల్లో కూర్చునేదాన్ని, ఆ ఎండ నా మీద ఎన్నడూ పడలేదు. చెయ్యి చాపితే అరచెయ్యి నీలంగా మారింది. అలాగే చూస్తూ ఉండిపోయాను. మా ఆయన పోయాక మొదటిసారి ఊపిరి నిండుగా అందింది. కోపం పోలేదు గానీ, మనసులో తిట్లు ఆగిపోయాయి.

అంతలో అయ్యగారు పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగారు.

నేను లేచి నిలబడ్డాను.

చర్చి అంతా నా వైపు తిరిగింది. ఆడబిడ్డ మొహం పాలిపోయింది. పెళ్ళి చెడగొడుతున్నాననే అందరూ అనుకున్నారు.

"ఏమన్న ఉన్నదా అమ్మా?" అన్నారు అయ్యగారు.

"పెండ్లికి ఏం లేదు అయ్యగారూ. పిల్ల సల్లగుండాలె. నన్ను అడగకుంట టేక్మాల్ తోల్కపోతున్నరు, గదానికే ఉన్నది. నేను పోను. చదువుకుంట."

"అందరం విన్నం. కూసో అమ్మా" అన్నారు అయ్యగారు. నేను నడిచివెళ్ళి ముందు వరుసలో కూర్చున్నాను. ఆడబిడ్డ జరిగి చోటిచ్చింది.

బయటికి రాగానే బావ నా మీద విరుచుకుపడ్డాడు. "నలుగుర్ల మా ఇజ్జత్ తీసినవ్!"

"మీ ఇజ్జత్ నా పెట్టెల లేదు బావా. జర జరుగుండ్రి, దించుకుంట" అన్నాను.

పెట్టె బరువుగా ఉంది. ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. ఒక్కదాన్నే దించి నెత్తిన పెట్టుకున్నాను. ఓపిక పట్టమని ఆ రోజు మాత్రం ఎవరూ అనలేదు.