పొలమారిందనుకున్న దగ్గు

ఏ ఒక్కరికో తప్ప ప్రమాదం రాదని చెప్పి, డాక్టర్లు పరీక్ష కోసం సూదితో నా కుడి ఊపిరితిత్తిలోంచి చిన్న ముక్క తీశారు. తీశాక, సూది దిగిన కుడివైపుకే ఒత్తిగిలి కదలకుండా పడుకోమన్నారు. బండలాగా ఎంతసేపని పడుంటాడు మనిషి? ఇంతలో దగ్గు వచ్చింది. పెబ్బేరు నుంచి నాకు తోడొచ్చిన అమ్మ, పొలమారిందనుకొని నన్ను లేపి కూర్చోబెట్టి నడినెత్తిన తట్టింది.

"ఎవరో తల్సుకుంటున్నరు బిడ్డా."

మరో దగ్గుకు ఆమె కొంగంతా రక్తమైంది. డాక్టరు పరుగున వచ్చాడు.

"లేపొద్దమ్మా! రక్తం రెండో ఊపిరితిత్తిలోకి పోతే మనిషి దక్కడు. మళ్లీ కుడివైపు పడుకోబెట్టి గట్టిగా పట్టుకో."

ఊపిరాడక లేవాలని గింజుకున్నాను. చిన్నప్పటి నుంచి పొలమారినప్పుడల్లా నన్ను లేపిన చేతులే ఇప్పుడు మంచానికి అదిమిపెట్టాయి.

"జర లేపే అమ్మా, సచ్చిపోతున్న" అని బతిమాలాను.

ఆమె ముఖం పక్కకు తిప్పుకొని, ఇంకా గట్టిగా అదిమింది.