మూడో తాళంచెవి

మా పెద్దమ్మది తాళాల పని. జిరాక్స్ షాపు మెట్ల కింద ఒక బల్ల, ఒక ఆకురాయి, తాళంచెవులు కోసే మిషను. ఇరవై ఆరేళ్ళుగా అదే చోటు. ఎవరు వచ్చినా ముందు అడిగేది ఒకటే.

"దీనికి మొత్తం ఎన్ని తాళంచెవులున్నాయి? ఎవరెవరి దగ్గరున్నాయి?"

వచ్చినవాళ్ళు నీళ్ళు నమిలితే తాళంకప్ప ముట్టుకునేది కాదు. "కొత్తది కొనుక్కో నాయనా, నా టైం తినకు" అని పంపేసేది.

మొన్న ఫిబ్రవరిలో మా పిన్ని, మొగుడి దెబ్బలు పడలేక, ఇల్లు వదిలి హాస్టల్లో చేరింది. అడ్రసు పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు, నాక్కూడా. ఫోన్ల రిపేరు నా పని కాబట్టి పిన్నికి కొత్త ఫోను, కొత్త నంబరు ఇచ్చి, పెద్దమ్మ ఎప్పటినుంచో వాడుతున్న మెసేజీల యాప్ అందులోనూ పెట్టాను.

"నువ్వు రాసింది నీ ఫోన్లో తాళం పడుతుంది పెద్దమ్మా. పిన్ని ఫోన్లోనే తెరుచుకుంటుంది. మధ్యలో కంపెనీవాడు కూడా చదవలేడు."

"ఆ మాట చెప్పింది కంపెనీవాడేనా?"

అలా అంటుందని తెలుసు. ఆ యాప్‌లో ఇద్దరికీ కలిపి అరవై అంకెల కోడ్ ఒకటి ఉంటుంది. రెండు ఫోన్లలోనూ ఒకేలా ఉంటే మధ్యలో ఎవడూ దూరలేదని అర్థం. అక్కాచెల్లెళ్ళు నా షాపులో ఎదురెదురుగా కూర్చుని ఒక్కొక్క అంకే చదువుకున్నారు. పిన్ని ఒకచోట తడబడితే పెద్దమ్మ మళ్ళీ మొదటినుంచి చదివించింది. నేను పడీపడీ నవ్వాను. అన్నీ సరిపోయాయి.

ఆ ధైర్యంతో పిన్ని అక్కకి అన్నీ రాసేది. హాస్టల్ పేరు, గది, ఏ వేళకి బయటికి వెళ్తుందో, కిటికీకి నీలం కర్టెన్ కట్టుకున్న సంగతీ.

మంగళవారం పొద్దున్న నేను పెద్దమ్మ దగ్గర టీ తాగుతుండగా పిన్ని ఫోను చేసింది.

"అక్కా, ఆయన తలుపు బయట ఉన్నాడు."

పెద్దమ్మ ఫోను స్పీకర్లో పెట్టింది. ఫోన్లోంచి వాడి అరుపు మాకూ వినిపించింది. "నీలం కర్టెన్ కట్టుకుంటే దొరకననుకున్నావా?" ఆ కర్టెన్ మాట పిన్ని రాసింది ఒక్క పెద్దమ్మకే.

వార్డెనూ మరో నలుగురూ వచ్చి వాణ్ణి తరిమేశారు. తలుపుకి పెద్దమ్మ బిగించిన తాళం అందాకా తట్టుకుంది. యాప్ తాళమే విరిగిందని నేను తిట్టుకుంటూ ఆ సాయంత్రం రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశాను. అరవై అంకెలూ అలాగే ఉన్నాయి. ఏదీ విరగలేదు.

అప్పుడు, అంకెలు చదివించిన రోజే తెరవాల్సిన పేజీ తెరిచాను. ఈ ఖాతా ఇంకా ఎక్కడెక్కడ తెరిచి ఉందో అందులో ఉంటుంది. పెద్దమ్మ ఫోన్ కింద ఒక కంప్యూటర్ ఉంది. కలిపింది పోయిన ఏడాది. చివరిసారి చూసింది ఈరోజు పొద్దున్న.

పెద్దమ్మ ఫోను దగ్గరికి లాక్కుని ఆ తేదీ చూసింది.

"మరిది ల్యాప్‌టాప్, మీ పిన్ని మొగుడిది" అంది. "నీ షాపు బోర్డు మీద వెయ్యడానికి ఫోటోలు తీసుకుంటా, ఓసారి ఫోనివ్వు వదినా అన్నాడు. ఇచ్చాను. ఊరందర్నీ అడుగుతానే, ఎన్ని తాళంచెవులని. నా ఫోను సంగతి అడగలేదు."

అడగాల్సింది నేను. అది నా పని. అంకెలు సరిపోయాయని నవ్వుతూ కూర్చున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ కంప్యూటర్ని తీసేశాను. పిన్ని వేరే గదికి మారింది. పెద్దమ్మే వెళ్ళి కొత్త తాళం బిగించి, రెండు తాళంచెవులు పిన్ని చేతిలో పెట్టింది. ఎప్పుడు ఇల్లు మారినా పిన్ని ఒకటి తీసుకుని, రెండోది అక్కకి ఇచ్చేసేది.

పెద్దమ్మ అలవాటుగా చెయ్యి చాపింది.

"ఎన్ని చేశావక్కా?"

"రెండే."

పిన్ని రెండూ గుప్పిట్లో పెట్టుకుని తలుపు వేసుకుంది.